కుట్ల కాడ గుంజుతుంది, పొట్ట పిసికించుకోవాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 27 ఏండ్లు. రెండో కాన్పు గూడ పెద్దాపరేషనే అయింది, ఏడు నెలలు దాటింది. పిల్లలు కాకుండ ఆపరేషన్ కూడా అప్పుడే చేసిన్రు. కుట్లు మంచిగనే మానినయి గానీ నిటారుగా నిలబడితే ఎడమ పక్క గుంజుతుంది. అక్కడ చర్మం లోపలికి గుంట పడ్డట్టు ఉంటది. కోత పైన రెండు వేళ్ల మేర మొద్దుబారింది, చీర తగిలితే ఒక్కోసారి జివ్వుమంటది. పత్తి ఏరనీకి వంగి లేస్తే ఎక్కువైతది. హైదరాబాద్‌ల ఒక చోట ఫాసియా రిలీజ్ అని పది సిట్టింగులకు 15 వేలు అడిగిన్రు. మా ఊళ్లె ఒకామె ఆముదం పెట్టి గట్టిగ పిసికితే లోపల అతుక్కున్నది ఊడొస్తది అంటుంది. ఏది చేయించుకోవాలె? మా అత్తమ్మది మర్రిగూడ దిక్కు. ఆమెకు మెడ, నడుము కట్టెలెక్క బిగుసుకుపోయినయి. ఆమెకు గూడ ఈ థెరపీ పనిచేస్తదా?

జవాబు: పిసికించుకోకండి. పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టకండి. మీరు రాసిన గుంజుడు, మొద్దుబారడం చాలావరకు మీ వేళ్లతో మీరే, రోజుకు పది నిమిషాల చొప్పున రెండు మూడు నెలలు చేసుకుంటే తగ్గే రకం. పద్ధతి చూసి నేర్చుకోవడానికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఒకటి రెండు సార్లు వెళ్తే సరిపోతుంది. అయితే మచ్చ మీద చెయ్యి వేసే ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. ముందుగా అసలు అక్కడ ఏం జరిగిందో చెప్తాను, లేకపోతే ఎక్కడ ఎంత ఒత్తాలో అర్థం కాదు.

మటన్ కోసేటప్పుడు కండ మీద తెల్లగా, పల్చగా, కత్తికి సాగుతూ వచ్చే పొర ఉంటుంది చూడండి, ఫాసియా అంటే అదే. దాన్ని చేత్తో ఒత్తి, సాగదీసి వదులు చేస్తామనేదే ఫాసియా రిలీజ్. మనిషికీ ప్రతి కండరం మీదా, కండరానికీ కొవ్వుకూ మధ్యా ఉంటుంది. అడ్డకోత ఆపరేషన్‌లో చర్మాన్ని, కొవ్వును, దాని కింద పొట్ట కండరాల మీదుండే గట్టి పొరను అడ్డంగా కోస్తారు. ఆ గట్టి పొరను కండరాల మీది నుంచి పైకీ కిందికీ కొంత మేర విడదీస్తారు. నిలువు కండరాలను మాత్రం సాధారణంగా కొయ్యరు, మధ్యలో విడదీసి చెరో పక్కకు జరుపుతారు. ఆ తర్వాతే లోపలి పొర, గర్భసంచి. బయట కనిపించే గీత ఒకటే అయినా లోపల గాయం చాలా పొరల్లో, వేర్వేరు దిక్కుల్లో ఉంటుంది. మీకు రెండోసారి కూడా పాత గీత మీదే కోసి ఉంటారు కాబట్టి మచ్చలో మచ్చ పడింది.

మానేటప్పుడు ఏ పొరను ఆ పొరకు విడివిడిగా అతికించడం ఒంటికి చేతకాదు. దెబ్బతిన్న చోటల్లా కొల్లాజెన్ (చర్మానికి బలమిచ్చే ప్రొటీన్) పోగులు గబగబా వేసేస్తుంది, అవి అడ్డదిడ్డంగా పడతాయి. తర్వాత నెలల తరబడి వాటిని తీసి, మళ్లీ వేసి, సర్దుకుంటుంది. గాయానికి మూడు వారాలప్పుడు మామూలు చర్మం బలంలో ఐదో వంతు వస్తుంది, మూడు నెలలకు దాదాపు 80 శాతం. అంతకు మించి ఎప్పటికీ రాదు. కానీ సర్దుబాటు ఏడాది వరకు, కొందరికి రెండేళ్ల వరకు నడుస్తుంది. ఏడు నెలలంటే ఇంకా ఆ పని జరుగుతున్న సమయమే, ఆలస్యం కాలేదు.

మీ ఎడమ పక్క గుంట ఎందుకు పడిందంటే, అక్కడ చర్మం కొవ్వును దాటి నేరుగా కింది గట్టి పొరకు అతుక్కుని ఉండొచ్చు. మీరు నిటారుగా నిలబడగానే ఆ పొర బిగుస్తుంది, చర్మాన్ని తనతో పాటు లాక్కుంటుంది. మొద్దుబారడం వేరే సంగతి. కోత పైన చర్మానికి స్పర్శ తెచ్చే సన్నని నరాల కొసలు కోతలో తెగుతాయి. అవి తిరిగి పెరగడానికి నెలలు పడుతుంది. పెరిగేటప్పుడే చీర తగిలినా జివ్వుమంటుంది. చాలామందికి ఏడాదిలో చాలావరకు తగ్గుతుంది, కొందరికి చిన్న పట్టీ మేర ఎప్పటికీ ఉండిపోతుంది. దానివల్ల ప్రమాదమేమీ లేదు.

ఇక "పిసికితే ఊడొస్తది" అనే మాట. తొడ పక్కన, అరికాలి కింద ఉండే ఫాసియాను శాశ్వతంగా సాగదీయాలంటే మనిషి ఒళ్లు తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ బలం కావాలని లెక్కలు కట్టి చూసినవాళ్లున్నారు. ఆముదం పెట్టినా, 15 వేలు కట్టినా ఆ లెక్క మారదు. పేగులకూ గర్భసంచికీ పొట్ట గోడకూ మధ్య పడిన అతుకులను పైనుంచి చేత్తో విడదీయొచ్చని నమ్మదగ్గ రుజువూ లేదు. మరి మచ్చకు మసాజ్ చేస్తే ఎందుకు హాయిగా ఉంటుంది? చర్మానికీ దాని కింది కొవ్వుకూ మధ్య జారుడు పెరుగుతుంది. నరాలు తాకిడికి అలవాటు పడతాయి. నొప్పికి భయపడి బిగబట్టిన కండరం వదులవుతుంది. ఈ మూడింటికీ బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. మచ్చల మసాజ్ మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, ఒకరి పద్ధతికీ మరొకరి పద్ధతికీ పొంతన ఉండదు. నొప్పి, దురద, చర్మం కదలిక మెరుగవుతాయని మాత్రం వాటిలో చాలావరకు కనిపిస్తుంది. అంతకు మించి మాట ఇచ్చేవాళ్లను అనుమానించండి.

చెయ్యి వేసే ముందు చూసుకోవాల్సినవి చెప్తాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల మాత్రం ఎత్తి పొట్ట చూసుకోండి. తర్వాత నిలబడి, కోత మీద అరచెయ్యి పెట్టి దగ్గండి. చేతి కింద ఒకచోట ఉబ్బెత్తుగా ముందుకు తోసుకొచ్చి, పడుకుంటే లోపలికి పోతే అది హెర్నియా కావొచ్చు. దాన్ని రుద్దకూడదు, సర్జన్‌కు చూపించి స్కానింగ్ చేయించాలి. తల ఎత్తినప్పుడు బొడ్డు పైనా కిందా నడిమధ్యలో పొడుగ్గా గట్టులా లేస్తే అది కండరాల మధ్య ఎడం. కాన్పయిన చాలామందికి ఉంటుంది, దానికి దారి వ్యాయామం.

రెండోది చాలామంది డాక్టర్లకు చెప్పనిది. కోత చివర, ముఖ్యంగా గుంజే పక్కనే, గోలీ అంత గడ్డ చేతికి తగిలి, నెలసరి రోజుల్లో అది నొప్పెట్టి, ఉబ్బి, తర్వాత తగ్గితే, అది మచ్చలో ఎండోమెట్రియోసిస్ అయ్యుండొచ్చు. ఆపరేషన్‌లో గర్భసంచి లోపలి పొర కణాలు కోతలో చిక్కుకుని అక్కడే పెరగడం వల్ల వస్తుంది. మసాజ్‌తో పోదు, చాలాసార్లు కోసి తీయాల్సి వస్తుంది. మీరు ఇంకా పాలిస్తుంటే నెలసరి మొదలై ఉండకపోవచ్చు. మొదలయ్యాక రెండు మూడు నెలలు తారీకులు రాసుకుంటూ గమనించండి.

ఇంకా, మచ్చ మీద తడి, చీము, దారం ముక్క, ఎర్రదనం, వేడి, జ్వరం ఉంటే ఏ మసాజూ వద్దు. మచ్చ లావుగా, గట్టిగా, కోత గీత దాటి పక్క చర్మం మీదికి పాకుతుంటే అది కీలాయిడ్. దాన్ని రుద్దితే రెచ్చిపోవచ్చు. చర్మం డాక్టర్లు దానికి నాలుగు వారాలకోసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. నల్లగొండ జనరల్ హాస్పిటల్ చర్మవ్యాధుల ఓపీలో చూపించండి. వేలితో ఒకే ఒక్క చోట నొక్కితే కరెంటు కొట్టినట్టు గజ్జల్లోకి, తొడ లోపలికి పాకితే నరం మచ్చలో ఇరుక్కుందేమో చూడాలి. అదీ డాక్టర్ పనే. కడుపు మెలిపెడుతూ వాంతులై, గ్యాస్ కూడా పోకుండా బిగదీసుకుపోతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. లోపలి అతుకులకు పేగు ఇరుక్కుంటే అలాగే ఉంటుంది.

ఇవేవీ లేకపోతే మొదలుపెట్టండి.

గోళ్లు కత్తిరించుకోండి, చేతులు కడుక్కోండి, మూత్రానికి వెళ్లిరండి. తిన్న వెంటనే వద్దు. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటే పొట్ట వదులుగా ఉంటుంది. నూనె పెట్టకండి. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. నూనె రాస్తే వేలు చర్మం మీద జారిపోతుంది. మనకు కావాల్సింది వేలు చర్మం మీద జారడం కాదు, చర్మం వేలితో పాటు కదిలి కింది పొర మీద జారడం. పొడి వేళ్లే దానికి సరి. చర్మం ఎండి పగులుతుంటే పని అయ్యాక కొబ్బరినూనో వాసెలినో రాసుకోండి.

మొదటి రోజు ఏమీ చేయకుండా కొలుచుకోండి. రెండు వేళ్లు గీత మీద ఆనించి, చర్మాన్ని పైకి, కిందికి, కుడికి, ఎడమకు నెట్టి చూడండి. ఎక్కడ ఎంత కదిలి ఆగుతోంది? కుడి చివర పైకి ఒక సెంటీమీటర్ పోతుంటే ఎడమ చివర కదలకుండా పాతుకున్నట్టు ఉండొచ్చు. గీత పొడవునా అంగుళానికి ఒక చుక్క బాల్‌పెన్నుతో పెట్టి, ఆగిన దిక్కుకు బాణం గీసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రెండు వారాలకోసారి మళ్లీ కొలవండి. లేకపోతే ఏం మారిందో మీకే తెలియదు, మధ్యలోనే వదిలేస్తారు.

మొదటి వారం మచ్చ జోలికి పోకుండా, దానికి రెండు అంగుళాల దూరంలో పైనా కిందా అరచెయ్యి ఆనించి చర్మాన్ని మెల్లగా అటూ ఇటూ కదపండి. రెండో వారం నుంచి మచ్చ మీదికి రండి. చూపుడు వేలు, నడి వేలు పక్కపక్కన, వేలి మెత్తని భాగం ఆనేలా పెట్టండి. చర్మం కదిలేంత ఒత్తిడి చాలు. ఆగిన దిక్కుకు నెట్టండి, ఆగిన చోటే ఆగండి. ముందుకు తోయొద్దు. ఊపిరి మామూలుగా తీస్తూ 30 నుంచి 90 సెకండ్లు అలాగే పట్టి ఉంచండి. కాసేపటికి వేలి కింద మెత్తబడి ఒక నూలు పోగు మేర ముందుకు జారినట్టు తెలుస్తుంది. అప్పుడు ఆ మేరకే వెంట వెళ్లండి. తర్వాత అడ్డంగా, ఆపైన చిన్న చిన్న సున్నాలు చుడుతూ పక్క చుక్కకు పోండి. నొప్పి పదికి మూడు దాటకూడదు. పళ్లు బిగించాల్సి వస్తోందంటే ఎక్కువ ఒత్తుతున్నారన్నమాట.

మూడు నాలుగు వారాలకు చర్మం కొంచెం వదులయ్యాక ఎత్తడం మొదలుపెట్టొచ్చు. బొటనవేలు, చూపుడు వేళ్ల మధ్య మచ్చను మడతలా పట్టి, పైకి ఎత్తి, వేళ్ల మధ్య దొర్లిస్తూ కుడి చివర నుంచి ఎడమకు రండి. గుంట దగ్గరికి వచ్చేసరికి మడత దొరకదు, వేళ్లలోంచి జారిపోతుంది. బలవంతంగా గిల్లి లాగకండి. గుంటకు అటూ ఇటూ రెండు చేతుల వేళ్లు పెట్టి, ఒకటి పైకీ ఒకటి కిందికీ నెట్టి పట్టి ఉంచండి. తర్వాత దిక్కు మార్చండి. ఆ చోట పని నిదానం. మిగతా గీత నెలన్నరలో వదులైనా గుంట మూడు నెలలు తీసుకోవచ్చు, పూర్తిగా పైకి రాకపోనూ వచ్చు. గుంజుడు తగ్గితే చాలనుకోండి, అందం సంగతి వేరు. మొత్తం రోజుకు ఐదు నుంచి పది నిమిషాలు, వీలైతే రెండు పూటలు.

పని అయ్యాక చర్మం కొంచెం ఎర్రబడి అరగంటలో మామూలు కావాలి. మర్నాటికి కూడా నొప్పి, కమిలినట్టు ఉండటం, వాపు ఉంటే ముందటి రోజు అతి చేశారు. ఒకరోజు ఆపి, సగం ఒత్తిడితో మళ్లీ మొదలుపెట్టండి. గట్టిగా పిసకడం వద్దనేది ఇందుకే. కమిలిన చోట మళ్లీ వాపు, ఆ వాపు మీద మళ్లీ కొత్త పోగులు. వదులు చేద్దామని పోయి బిగించుకున్నట్టు అవుతుంది.

మొద్దుబారిన చోటికి వేరే పని. దూదితో ఒక నిమిషం, పాత నూలు చీర ముక్కతో ఒక నిమిషం, తువాలుతో ఒక నిమిషం, చూస్తూ రుద్దండి. ముందు స్పర్శ బాగా తెలిసే చోట రుద్ది, అదే తాకిడి మొద్దు చోట ఎలా ఉందో పోల్చుకోండి. జివ్వుమనే చోట దూదితో మొదలుపెట్టి, అది అలవాటయ్యాకే గరుకు గుడ్డకు పోండి. ఒక్క జాగ్రత్త: బాలింతకు కాపడం మంచిదని కుంపటి దగ్గర కూర్చోబెట్టడం, వేడి ఇటుక గుడ్డలో చుట్టి పొట్ట మీద పెట్టడం చేస్తుంటారు. మొద్దుబారిన చర్మానికి వేడి ఎంతుందో తెలియదు, బొబ్బలెక్కాకే చూసుకుంటారు. ఆ చోట కాపడం వద్దు.

వేళ్ల పని అయ్యాక కదలిక ఇవ్వకపోతే సగం ఫలితమే. పడుకునే మోకాళ్లు మడిచి రెండూ కలిపి కుడికి, ఎడమకు పదిసార్లు వాల్చండి. తర్వాత బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తి, ఐదు నెమ్మది శ్వాసలు. పొట్ట ముందు భాగం సాగినట్టు తెలియాలి, గుచ్చినట్టు కాదు. ఆఖరికి నిలబడి ఎడమ చెయ్యి పైకెత్తి కొంచెం కుడికి వంగండి. మీకు గుంజేది ఎడమే కాబట్టి ఆ పక్క రెండుసార్లు ఎక్కువ చేయండి. బిందె, పత్తి సంచి ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదులుతూ లేవండి. పత్తి ఏరేటప్పుడు అరగంటకోసారి నిటారుగా నిలబడి నడుము వెనక చేతులు పెట్టి చాచుకోండి. గంటలకొద్దీ ముందుకు వంగి ఉంటే మచ్చ పొట్టి అయిన కొలతకే అలవాటు పడుతుంది.

లంగా బొందు గురించి ఎవరూ అడగరు గానీ సగం చిరాకు అక్కడే. సన్నని తాడు బొందు సరిగ్గా మచ్చ మీదో, దాని పై మడతలోనో పడి రోజంతా కోస్తుంది. రెండు అంగుళాల వెడల్పు పట్టీ కుట్టించుకుని, బొడ్డు దాకా పైకి కట్టుకోండి. ఎండాకాలం మన దిక్కు 44, 45 డిగ్రీల్లో ఆ మడతలో చెమట నిలిచి దురద, ఎర్ర పుండు పడుతుంది. స్నానం తర్వాత మడత ఎత్తి తుడిచి ఆరనివ్వండి. అక్కడ పాచినట్టు ఉంటే ముందు దానికి మందు, ఆ తర్వాతే మసాజ్.

మచ్చ ఉబ్బెత్తుగా, ఎర్రగా ఉంటే సిలికాన్ షీటు గానీ జెల్ గానీ వాడొచ్చు. షీటైతే రోజుకు కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలు ఉంచాలి, రోజూ తీసి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి మళ్లీ అంటించుకోవాలి. మీ మచ్చ చదునుగా, తెల్లబడి ఉంటే దానికి డబ్బు దండగ. విటమిన్ ఈ గుళికలు కోసి పూసుకోవడం వల్ల లాభం కనిపించలేదు, కొందరికి దద్దు కూడా వస్తుంది.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం తీసుకెళ్లండి. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినవాళ్లేనా అడగండి. మంచివాళ్లయితే ముందు ఆపరేషన్ వివరాలు అడుగుతారు, దగ్గించి చూస్తారు, ఎక్కడ చెయ్యి వేస్తారో చెప్పి మీరు సరేనన్నాకే వేస్తారు, తోడుగా ఆడమనిషిని ఉండనిస్తారు, ఇంటి దగ్గర చేసుకునేది మీ వేళ్లతోనే చేయించి చూస్తారు. మొదటి రోజే పది సిట్టింగులకు రసీదు రాసేవాళ్లు, నొప్పి పుడితేనే పని జరిగినట్టు అనేవాళ్లు, కప్పులు పెట్టి నల్లగా కమిలేలా పీల్చేవాళ్లు అక్కర్లేదు. ఆరు వారాలు సరిగ్గా చేసినా మీ బాల్‌పెన్ను బాణాలు ఒక్కటీ మారకపోతే అప్పుడు ఇంకో రెండు మూడు సిట్టింగులకు వెళ్లండి, లేదా గైనకాలజిస్టుకు మళ్లీ చూపించండి.

మీ అత్తమ్మ సంగతి పూర్తిగా వేరు, ఆమెకు ఈ థెరపీ చేయించకండి. మర్రిగూడ దిక్కు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన మనిషికి మెడ, నడుము అలా బిగుసుకుపోతే ముందు ఫ్లోరోసిస్ అనుమానించాలి. అందులో వెన్నుపూసలను పట్టి ఉంచే బంధనాలే సున్నం పట్టి ఎముకలా గట్టిపడతాయి. ఎంత రుద్దినా, సాగదీసినా అవి వెనక్కి రావు. పైగా మెడ పట్టి కటుక్కుమనిపించే వాళ్ల చేతిలో పడితే ఎముక విరగొచ్చు, వెన్నుపాము నలగొచ్చు. మెడ, నడుము, ముంజేయి ఎక్స్‌రేలు తీయించి ఎముకల డాక్టర్‌కు చూపించండి. చేతివేళ్లు తిమ్మిరెక్కడం, బొత్తాలు పెట్టుకోలేకపోవడం, నడిచేటప్పుడు కాళ్లు బిర్రబిగిసి తడబడటం, మూత్రం ఆపుకోలేకపోవడం వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. అప్పటిదాకా నొప్పికి గోరువెచ్చని కాపడం పెట్టొచ్చు, తనంతట తాను తిప్పగలిగినంత మేర మెడ కదుపుకోవచ్చు. తాగడానికీ వంటకూ బోరునీళ్లు మానేసి నల్లా నీళ్లే వాడమనండి. పప్పు, అన్నం బోరునీళ్లతో ఉడికిస్తే అదీ లెక్కలోకే వస్తుంది.